రెండు, అయిదు, ఎనిమిది, సున్నా

"మోగిందా? చెప్పక్కా, మోగిందా?"

మోగలేదు. తమ్ముడు తన సెల్‌లో నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బల్లమీద నల్లఫోను పక్కనే ఉంచాడు. సెల్‌లో అవతలివైపు రింగవుతూనే ఉంది. నల్లఫోను మాత్రం కుక్కిన పేనులా కూర్చుంది. ఆ నంబరు ఎవరు నొక్కినా మోగవలసింది ఈ నల్లఫోనే. ఇరవై రెండేళ్ళుగా మోగిందీ ఇదే.

మూడో రింగుకు అవతల ఎత్తారు. ముందు సంగీతం వచ్చింది. తర్వాత తేనె పూసినట్టున్న ఓ ఆడగొంతు. "నమస్కారం. మీ లిఫ్టు, మా బాధ్యత. కొత్త లిఫ్టు కొనాలనుకుంటే ఒకటి నొక్కండి. ఏడాది ఒప్పందం కోసం రెండు నొక్కండి..."

"మరి లోపల ఇరుక్కున్నవాళ్ళు ఎంత నొక్కాలో?" అంది మరదలు, గుమ్మానికి ఆనుకుని.

ఆరు నొక్కాలట. కొనేవాళ్ళు, ఒప్పందాలవాళ్ళు, ఫిర్యాదులవాళ్ళు, అందరూ అయ్యాకే వాళ్ళ వంతు. తమ్ముడు ఆరు నొక్కాడు. మళ్ళీ సంగీతం మొదలైంది.

"ఇంక చాలు, ఆపెయ్" అంది ఫోనక్క.

వీధిలో అందరికీ ఆమె ఫోనక్కే. అసలు పేరు పెళ్ళి పత్రికతోనే పాతబడిపోయింది. ఇంటి ముందుగదిలో ఆ బల్ల, ఆ నల్లఫోను, ఓ పొడుగాటి పుస్తకం, దారానికి కట్టిన పెన్ను. ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా, అందులో ఇరుక్కున్న మనిషి మొదట వినేది ఆమె గొంతే. తమ్ముడు పానాల సంచీ వేసుకుని వెళ్ళి తలుపు తెరిచేదాకా, ఆ మనిషిని మాటల్లో పెట్టి ఉంచేది కూడా ఆమే.

సోమవారం నుంచి ఫోను మోగలేదు. మంగళవారం కూడా మోగకపోయేసరికి తమ్ముడు మీసం మెలేశాడు. నా చెయ్యి పడిన లిఫ్టు ఆగమన్నా ఆగదు అన్నాడు. ఇవాళ శుక్రవారం పొద్దున్నే పళ్ళడాక్టరు భవనం కాపలాదారు నడుచుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు ఫోనక్కని ఎగాదిగా చూసి, "బాగానే ఉన్నావా తల్లీ? నిన్న మా మూడో అంతస్తు పెద్దాయన నలభై నిమిషాలు లిఫ్టులో నిలబడిపోయాడు. ఫోనక్కకివ్వండి, ఫోనక్కకివ్వండి అని ఆ రికార్డు గొంతుతో మొత్తుకున్నాడట. నీకేమన్నా అయిందేమో చూసిపోదామని వచ్చాను" అన్నాడు.

కాపలాదారు అటు వెళ్ళాడో లేదో, తమ్ముడు ఆ నంబరు నొక్కి చూశాడు. ఆ తేనె గొంతు విన్నాక ఒంటికాలి మీద లేచాడు.

"నీలం చొక్కాలవాళ్ళు ఏమిచ్చారు నీకు?"

ఫోనక్కకి ఆ ప్రశ్న తననే అడిగాడని తెలియడానికి కొంతసేపు పట్టింది. ఊరి నిండా బోర్డులున్న పెద్ద లిఫ్టు కంపెనీకి ఆ ఇంట్లో నీలం చొక్కాలని పేరు. ఆ తేనె గొంతు వాళ్ళదే.

"నన్నా? నన్నడుగుతున్నావా?"

"ఇంకెవర్నడగమంటావు? నంబరు నీ పేరు మీదుంది. నువ్వు ఊఁ అనకుండా అది అంగుళం కదలదు."

"నాన్న షాపు నీకిచ్చాడు, నంబరు నాకిచ్చాడు. నీ పానాలు నేనెప్పుడైనా అమ్ముకున్నానట్రా?"

"ఆ పంచాయితీ అప్పుడే తేలాల్సింది" అంది మరదలు మూతి తిప్పుతూ. "తలకాయ ఒకరికి, మొండెం ఒకరికి ఇచ్చి వెళ్ళారు మామయ్య. నంబరు లేని షాపు ఎందుకు, దుమ్ము దులుపుకోడానికా? రేపట్నుంచి ఈయన పానాలు పట్టుకుని వీధి వీధీ తిరిగి, లిఫ్టు ఆగిందా అమ్మా అని కేకేస్తారు కాబోలు."

పెరట్లో షెడ్డు నుంచి ఫోనక్క భర్త వచ్చాడు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఎందుకలా అరుచుకుంటారు? వీధంతా వింటోంది. పోతే పోయింది, ఇంకో నంబరు తీసుకుంటే సరి."

తమ్ముడు ఆయన వైపు వింతగా చూశాడు. "ఇంకోటా? రెండొందల లిఫ్టుల్లో ఆ నంబరు రేకులు రాసింది నువ్వే కదా బావా. అవన్నీ ఎవరు పీకుతారు? నాన్న ఆ నంబరు ఎలా తెచ్చాడో నీకు తెలీదూ?"

తెలుసు. ఆయనకి తెలియకపోవడమేమిటి?

ఫోనక్క పెళ్ళయిన ఏడాది అది. నాన్న ఫోను కంపెనీకి వెళ్ళి, వ్యాపారాలకిచ్చే ఉచిత నంబరు కావాలన్నాడు. పిలిచినవాడికి ఖర్చుండదు, ఆ భారం పిలిపించుకున్నవాడిదే. ఆ నంబర్లకి ముందు నాలుగంకెలు అందరికీ ఒకటే. ఉచితమని చెప్పే గుర్తు అది, ఎవరికైనా నోటికొచ్చి ఉంటుంది. వెనకాల నాలుగంకెలు మాత్రం ఎవరిది వాళ్ళు ఎంచుకోవాలి. కౌంటరులో గుమాస్తా నాలుగు ఏడులున్న నంబరు తీసిచ్చి, దీనికోసం జనం కొట్టుకుంటున్నారు, పట్టుకెళ్ళండి అన్నాడు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "భయంలో ఉన్నవాడు నాలుగు ఏడులు నొక్కమంటే ఆరు నొక్కుతాడు బాబూ. వాడికి ఎన్ని నొక్కాడో లెక్కుండదు" అన్నాడు.

గుమాస్తా దగ్గర మరో అయిదు నంబర్లు కాగితం మీద రాయించుకుని ఇంటికొచ్చాడు. తువ్వాలుతో కూతురి కళ్ళు గట్టిగా కట్టాడు. ఆమెని గిర్రున రెండు చుట్లు తిప్పి, చేతిలో ఫోను పెట్టాడు. "లిఫ్టు ఆగింది. కరెంటు పోయింది. నీకు ఊపిరాడ్డం లేదు. నొక్కు!" అని గావుకేక పెట్టాడు. నాలుగు నంబర్లు ఆమె తప్పు నొక్కింది. అయిదోది తప్పలేదు. పదిసార్లు అరిచినా తప్పలేదు.

రెండు, అయిదు, ఎనిమిది, సున్నా. మీటల్లో మధ్య వరుస. పైనుంచి కిందికి బొటనవేలు జారిస్తే చాలు. అయిదు మీద చిన్న బొడిపె ఉంటుంది, కళ్ళతో పని లేదు. కళ్ళు కట్టుకుని ఎంచుకున్న నంబరు కాబట్టి అది నీదే అని నాన్న కూతురి పేరున రాయించాడు. మర్నాడు కొత్తల్లుడు మొదటి రేకు తయారుచేశాడు. అంకెలు వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా పోశాడు. అయిదు పక్కన ఓ చుక్క కూడా పెట్టాడు. ఆ చుక్క పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఆయనకే తట్టింది. ఆ రాత్రి కొత్తపెళ్ళికూతురు మొగుణ్ణి చూసి ఎంత మురిసిపోయిందో చెప్పనక్కర్లేదు.

"బండి తియ్యి. ఫోను కంపెనీకి పోదాం. నేను అమ్మానో లేదో అక్కడే తెలుస్తుంది" అంది ఫోనక్క.

భర్త ఏదో అనబోయి, గుడ్డతో మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి.

*

నాలుగో కౌంటరావిడ కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని తెర వైపు చూసింది. తర్వాత కళ్ళజోడు మీదుగా అక్కాతమ్ముళ్ళ వైపు చూసింది.

"ఉచిత నంబరుకి సొంత ఇల్లుండదమ్మా" అంది, రోజుకి పదిసార్లు చెప్పే మాటలా. "వెనకాల ఓ మామూలు లైనుంటుంది. ఆ నంబరుకొచ్చిన పిలుపుని దానికి తోస్తాం, అంతే. సొంతదారు ఎటు చూపిస్తే అటు మోగుతుంది. మొన్నటిదాకా మీ ఇంటికి చూపించారు. సోమవారం నుంచి ఆ పెద్ద లిఫ్టు కంపెనీ ఆఫీసుకి చూపిస్తున్నారు."

"నేను చూపించలేదండీ."

"మార్చమని ఉత్తరం వచ్చింది. కింద మీ సంతకముంది. అయినా మేం ఉత్తరం నమ్మం. మీ సెల్‌కి ఆరంకెల కోడ్ పంపుతాం. ఆ కోడ్ మాకు తిరిగి చెప్తేనే మారుస్తాం. శనివారం పదకొండూ పన్నెండు నిమిషాలకి పంపాం. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది." ఆమె ఉత్తరం నకలు అద్దం కింద నుంచి తోసింది.

తమ్ముడు ముందుగా అందుకున్నాడు. చూసి, అక్క చేతిలో పడేసి, గోడవైపు తిరిగాడు.

"నీ సంతకమే" అన్నాడు. ఈసారి అరవలేదు.

ఫోనక్క చూసింది. తన సంతకమే. మొదటి అక్షరం వంపు, చివరి గీత, కింద రెండు చుక్కలు, అన్నీ ఉన్నాయి. అయితే ఒక్కటే తేడా. ఆమె సంతకం హడావిడి సంతకం. ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో పెట్టీ పెట్టీ కోడి కెలికినట్టయిపోయింది. ఈ కాగితం మీదున్నది మాత్రం తీరిగ్గా, ముద్దుగా ఉంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య కొలిచినట్టు ఒకే ఎడం. చివరి గీత సన్నగా తేలిపోయింది, కుంచె పైకెత్తినట్టు.

ఆ గీత మీదుగా ఆమె వేలు నడిపింది. నకలు మడిచి సంచీలో పెట్టుకుంది.

"అభ్యంతరం చెప్పాలంటే?" అని అడిగింది.

"ఏడు రోజుల లోపల చెప్పాలి. శనివారం మొదలు. అంటే ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆఖరు." నాలుగో కౌంటరావిడ ఓ ఫారం ఇచ్చింది. "ఇదిగో, ఈ గడి ముఖ్యం. కోడ్ మీరెవరికి చెప్పారు, పేరు, మీకేమవుతారు. అది నింపితే మోసమని లెక్క. నంబరు ఇవాళే మీ ఇంటికి తిప్పేస్తాం, ఆ మనిషి మీద కేసు నడుస్తుంది. ఖాళీగా వదిలితే మీరే ఇచ్చుకున్నారని లెక్క. ఇక దాని గురించి మాట్లాడ్డానికేం ఉండదు."

"నేనెవరికీ చెప్పలేదండీ" అంది ఫోనక్క. అంది గానీ, గొంతులో ఇరవై రెండేళ్ళ ధైర్యం లేదు.

*

ఇంటికి రాగానే తమ్ముడు తిన్నగా పొడుగాటి పుస్తకం దగ్గరికెళ్ళాడు. ఆ పుస్తకంలో ప్రతి పిలుపూ ఉంటుంది. ఎన్నింటికి, ఎక్కడ, ఏ అంతస్తుల మధ్య, లోపల ఎందరు, అన్నీ ఆమె దస్తూరీలోనే. అతను శనివారం పేజీ తీసి వేలు పెట్టాడు.

పదకొండూ అయిదు. పిల్లల డాక్టరు భవనం. మూడు, నాలుగు మధ్య. తల్లి, మూడేళ్ళ పాప. కరెంటు లేదు. తలుపు తెరిచింది పదకొండూ ముప్పై ఒకటికి.

"ఆ టైములో నేను లైన్లో ఉన్నాన్రా. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. ఆ తల్లిని కింద కూర్చోమని, పిల్ల చేత గోడ మీద బొత్తాలు లెక్కపెట్టించమని చెప్తూనే ఉన్నాను. అటు వెళ్ళి తలుపు తీసింది నువ్వే కదా!" అంది ఆమె, ప్రాణం లేచొచ్చినట్టు.

తమ్ముడు పేజీ అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ, మార్జిన్‌లో, కోడి కెలికినట్టున్న ఆరంకెలు. పక్కన పదకొండూ పద్నాలుగు అని టైము కూడా.

ఆమె దస్తూరీయే.

అదీ ఆమె పనిలోని రోగం. చెవిన పడ్డ అంకెనీ, కంట పడ్డ అంకెనీ చెయ్యి దానంతటదే రాసేస్తుంది, నోరు దానంతటదే రెండుసార్లు చదివేస్తుంది. అంతస్తు నంబరైనా, బండి నంబరైనా, చెప్పుల సైజైనా సరే. "మళ్ళీ చెప్తాను వినండి" అనడం ఆమె ఊతపదం. పెళ్ళిళ్ళలో భోజనం బల్లల నంబర్లు కూడా రెండేసిసార్లు చదివిందని చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

"రాసుకుని మరీ చెప్పావన్నమాట" అన్నాడు తమ్ముడు. "ఇంకా ఏదో పొరపాటయిందేమో, నేనే తొందరపడ్డానేమో అనుకుంటూ బండి నడిపాను. దారిపొడుగునా నీకు క్షమాపణ ఎలా చెప్పాలా అని ఆలోచించానక్కా."

"ఒరే, విను..."

"ఎవరికి చెప్పావో చెప్పు, వింటాను."

ఆమెకి అప్పటికి గుర్తొచ్చేసింది. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన ముందు గుర్తొచ్చింది, మాట తర్వాత. బల్ల మీద సెల్ కిర్రుమంది. చెవిలో పాప ఏడుపు. వెనక నుంచి నెమ్మదిగా ఓ గొంతు, "నీ సెల్‌కేదో నంబరొచ్చింది, నాకు కళ్ళజోడు లేదు, కాస్త చదివిపెట్టు". ఆమె చదివింది. రెండుసార్లు చదివింది. తిరిగైనా చూడలేదు.

"చెప్పక్కా!"

ఎంత పిరికివాళ్ళ చేతైనా మాట్లాడించే మనిషి, ఆ క్షణాన ఒక్క మాట చెప్పలేక నీళ్ళు నమిలింది. తమ్ముడు ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. ఆ మౌనం అతనికి ఒక్కలాగే అర్థమైంది.

"నాలుగున్నరకి బండి తీస్తాను. వస్తే రా, లేకపోతే లేదు" అని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. పైవాటాలో తలుపు దడాలున మూసుకుంది. మరదలు గొంతు వినబడింది, తమ్ముడి గొంతు వినబడలేదు.

*

షెడ్డులో ఆయన మందుల దుకాణం బోర్డు రాస్తున్నాడు. ఫోనక్క నకలు విప్పి, తడి ఆరని రంగుడబ్బాల మధ్య పెట్టింది.

"సంతకం బాగా కుదిరింది" అంది. "నాకు ఇంత అందంగా ఎప్పుడూ రాలేదు."

ఆయన కుంచె దించలేదు. మొదలెట్టిన గీత చివరిదాకా లాగి, అప్పుడు దించాడు. దబాయించలేదు, బుకాయించలేదు. ఆమె లోపల ఎక్కడో, దబాయిస్తే బావుండునని కోరుకుంది. నేను కాదు అని ఒక్కసారి అంటే, నమ్మడానికి ఆమె సిద్ధంగానే వచ్చింది.

"నీలం చొక్కాలవాళ్ళు పోయిన నెల నంబరు అడగడానికి వచ్చారు" అన్నాడు. "నువ్వు ఫోన్లో ఉన్నావు. వాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది నేనే. ఆ రోజే నీతో చెబ్దామని వచ్చాను. చెయ్యెత్తావు."

"ఏం చెయ్యి?"

"ఇదిగో, ఇలా." ఆయన అరచెయ్యి ఆమె మొహానికి ఎదురుగా పెట్టాడు. ఆగు అన్నట్టు. "ఫోను చెవిలో ఉంటే నీ రెండో చెయ్యి ఇలా లేస్తుంది. లేస్తుందని నీకు తెలీను కూడా తెలీదు. ఇరవై రెండేళ్ళుగా నేను సగం చెప్పిన మాటలు ఎన్నున్నాయో తెలుసా? మా అమ్మ పోయిన కబురు కూడా నీకు సగమే చెప్పాను. చెయ్యెత్తావు. ఎవరో నాలుగో అంతస్తులో ఉన్నారు."

ఆమెకి ఆ రోజు గుర్తుంది. నాలుగో అంతస్తు మనిషి కూడా గుర్తున్నాడు. ఈ చెయ్యి మాత్రం గుర్తులేదు.

"మరి ఆ మాట నాతో అనాల్సింది. కొట్లాడాల్సింది. ఫోను వైరు పీకి వీధిలో పారేయాల్సింది. దొంగసంతకం పెడతారా? ఆ టైములో లైన్లో ఎవరున్నారో మీకు తెలుసు. చంటిపిల్ల ఏడుపు మీకూ వినబడుతోంది. అది విని మరీ వచ్చారా?"

"మామూలప్పుడు అడిగితే నువ్వు చదవవు" అన్నాడు, నేల చూస్తూ. "ఎవరికి, ఎందుకు అని వంద ఆరాలు తీస్తావు. లైన్లో ఎవరైనా ఏడుస్తుంటేనే నీకు మిగతావేం పట్టవు."

ఇరవై రెండేళ్ళు కాపురం చేసి ఆయన తనని ఎంత బాగా తెలుసుకున్నాడో ఆమెకి అప్పుడు అర్థమైంది. బయటివాడెవడూ చెయ్యలేని పని ఇది. బయటివాడికి ఆ నిమిషం ఎప్పుడొస్తుందో తెలియదు.

"సోమవారం నువ్వు నాతో కూర్చుని మొత్తం భోజనం చేశావు" అన్నాడాయన, గొంతు తగ్గించి. "బుధవారం పార్కుకి నడిచాం. చెరువు గట్టు మీద కూర్చుని నువ్వు నవ్వావు కూడా. నేనేదో అంటే నవ్వావు, నేను చివరిదాకా చెప్పగా విని నవ్వావు. తప్పా అది? ఆ నాలుగు రోజులు నీకు బాలేవా? నిజం చెప్పు."

బావున్నాయి. అదే ఆమెని కాల్చేసింది. ఫోను మోగకపోతే లోకమంతా క్షేమంగా ఉందనుకుంది. ఇన్నేళ్ళకి తమకో వారం దొరికిందని మంగళవారం పాత చీరొకటి తీసి కట్టుకుంది. ఆ వారమంతా ఎక్కడెక్కడో చీకట్లో ఎవరెవరో మధ్య వరుస నొక్కి, ఆ తేనె గొంతు వింటూ నిలబడ్డారు. తాను నవ్విన నవ్వు కూడా దొంగసొత్తే.

"పళ్ళడాక్టరు భవనం పెద్దాయన నిన్న నలభై నిమిషాలు నా పేరు పెట్టి మొత్తుకున్నాడట. ఆ అంకెలు ఉబ్బెత్తుగా పోసింది మీరు. అయిదు పక్కన చుక్క పెట్టింది మీరు. ఎందుకు పెట్టారో మర్చిపోయారా?"

ఆమె సంచీలోంచి ఫారం తీసి, నకలు పక్కన పెట్టింది. ఆయన దాన్ని మెల్లగా చదివాడు. కళ్ళజోడు లేకుండానే చదివాడు. ముఖ్యమైన గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"కేసంటున్నారు" అన్నాడు.

"అవును."

"ఈ వయసులో కోర్టుల చుట్టూ తిరగమంటావా నన్ను? బోర్డులు రాయడానికి ఇంకెవడు పిలుస్తాడు?" ఆయన పెదాలు తడుపుకున్నాడు. "ఒక పని చెయ్యి. ఆ గడి ఖాళీగా వదిలెయ్. మీ తమ్ముడు నీవాడే. నువ్వే ఇచ్చావనుకుంటాడు, నాలుగు రోజులు గింజుకుంటాడు, ఊరుకుంటాడు. ఒకే రక్తం కదా మీది. నిన్నెవరూ ఏమీ అనరు."

ఫోనక్క ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. సంతకం చూసినప్పుడు కళ్ళు తడవలేదు. ఇప్పుడు తడిశాయి. చేసినదానికి ఆయన పశ్చాత్తాపపడతాడని, తాను క్షమించాలో వద్దో తేల్చుకోలేక నలిగిపోతానని అనుకుంటూ షెడ్డులోకి వచ్చింది. నేరం కూడా నువ్వే మొయ్యి అంటాడని అనుకోలేదు.

"మీకు ఒంటరిగా ఉందని ఒక్క మాట చివరిదాకా అనుంటే, ఆ నంబరు నేనే తమ్ముడి చేతిలో పెట్టి మీ వెంట వచ్చేదాన్నేమో" అంది. "నాకు తెలీదు. ఇక తెలిసే దారి కూడా లేదు."

బల్ల మీద సన్న కుంచెల పక్కన ఆయన పెన్సిలుంది. ఆమె దాన్ని తీసుకోలేదు. ముందుగదిలోకి వెళ్ళి, నల్లఫోను పక్కన కూర్చుని, దారానికి కట్టిన తన పెన్ను అందుకుంది.

పైనుంచి తమ్ముడు దిగి, బండి గేటు బయట పెట్టి, ఆపకుండా హారను కొట్టాడు. ఆమె వాకిట్లోకి వచ్చి ఫారం అతని చేతిలో పెట్టింది. వెనకే మరదలు కూడా మెట్ల మీదకి వచ్చి నిలబడింది.

అతను విసురుగా అందుకున్నాడు. పేరున్న చోట చదివాడు. మీకేమవుతారు అన్నచోట కోడి కెలికినట్టున్న రెండక్షరాలు చదివాడు. మళ్ళీ చదివాడు. బండి ఇంజను దానంతటదే ఆగిపోయింది, అతను పట్టించుకోలేదు.

"బావా?" అన్నాడు. ఆ మాట ఎవరిని అడిగాడో అతనికే తెలియదు. తర్వాత, "అక్కా, పొద్దున్న నేనన్న మాటలు..."

"దారిలో అందువుగాని. అయిదు లోపల చేరాలి, బండి తియ్యి."

అతను తీశాడు. ఆమె వెనక ఎక్కి, ఫారం మడత నలగకుండా సంచీలో పెట్టుకుంది. మరదలు గబగబా దిగి వచ్చి, ఏమీ అనకుండా వదిన చీర కొంగు చక్రంలో పడకుండా దోపింది.

గుమ్మంలోకి ఆయన వచ్చాడు. చేతిలో రంగు గుడ్డ అలాగే ఉంది.

"సాయంత్రం ఇంటికే వస్తావు కదూ?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి ఒక మెట్టు దిగాడు. "ఏమే, నేను చెప్పేది ఒక్కసారి..."

ఆమె వెనక్కి తిరగలేదు. చెయ్యి ఒక్కటి పైకి లేచింది. ఆయన అలవాటు కొద్దీ మాట మధ్యలోనే ఆగిపోయాడు.

ఆమె చెవి దగ్గర ఫోనేమీ లేదు.